సముద్రదోసకాయ పేగు బ్యాక్టీరియాకు ‘పవర్‌సాయిల్ ప్రో’ కిట్: సమీక్ష

లోతు సముద్రపు సముద్రదోసకాయల (సీ కుకుంబర్ అనే జంతువుల) పేగు నిండా అవి మింగిన అడుగు బురదే ఉంటుంది. అందుకే మట్టి నుంచి డీఎన్‌ఏ తీసే కియాజెన్ కంపెనీ వారి ఈ కిట్, కణజాలం నుంచి తీసే కిట్ల కన్నా ఇక్కడ బాగా నప్పుతుంది.

ఒక్కో ట్యూబుకు 250 మిల్లీగ్రాములు మించకండి. ముందు బురదను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పైనీరు తీసేయాలి. లేకపోతే కిట్‌లోని 800 మైక్రోలీటర్ల సీడీ1 ద్రావణం పలచబడి కణాలు సరిగా పగలవు. పూసలతో 10 నిమిషాలు పూర్తి వేగంతో వోర్టెక్స్ చేయాలి (యంత్రంపై గట్టిగా కుదపాలి). గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియా గోడ మందం కాబట్టి ఈ సమయం తగ్గించొద్దు.

కిట్ అసలు బలం సీడీ2 ద్రావణం. పీసీఆర్‌ను (డీఎన్‌ఏకు నకళ్లు పెంచే ప్రక్రియను) అడ్డుకునే హ్యూమిక్ పదార్థాలను (కుళ్లిన జీవపదార్థం నుంచి వచ్చేవాటిని) ఇదే అడుగుకు దించేస్తుంది. తిప్పాక అడుగున చేరిన ముద్దను పిపెట్ తాకకూడదు. ఆశపడి చివరి చుక్క దాకా లాగితే పీసీఆర్ ఆగిపోతుంది. చివర్లో 100 బదులు 50 మైక్రోలీటర్ల సీ6 (డీఎన్‌ఏను బయటకు తీసే ద్రావణం) వాడితే డీఎన్‌ఏ గాఢంగా వస్తుంది.

పేగు గోడ విషయంలో మాత్రం కిట్ మీదే భారం వేయలేం. అక్కడ బ్యాక్టీరియా తక్కువ, జంతువు డీఎన్‌ఏ ఎక్కువ. 16ఎస్ ప్రైమర్లు (పీసీఆర్‌లో బ్యాక్టీరియా 16ఎస్ జన్యువును పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) జంతువు మైటోకాండ్రియా డీఎన్‌ఏను కూడా పట్టుకోవచ్చు. గోడనూ లోపలి బురదనూ విడివిడిగా తీయండి. రసాయనాల్లోనే కాస్త బ్యాక్టీరియా డీఎన్‌ఏ ఉండొచ్చు కనుక ప్రతి విడతలో నమూనా లేని ఖాళీ ట్యూబు ఒకటి నడిపి, దాన్నీ సీక్వెన్సింగ్‌కు (డీఎన్‌ఏ వరుస చదివే పరీక్షకు) పంపాలి. చుట్టూ ఉన్న అడుగు బురద నమూనా కూడా లేకుంటే, ఏది పేగు నివాసో ఏది మింగిన మట్టితో వచ్చిందో తేల్చలేం.