పెళ్లికి వచ్చినవాళ్లు సంతకాలు పెట్టే పుస్తకం కొంటున్నారా? ముందు కాగితాల మడత మధ్యలో దారం చూడండి

రాజమండ్రి, కాకినాడ, భీమవరం వైపు ముహూర్తాల సీజన్లో "చేతి కుట్టు, చేతి కాగితం, చేతిరాత" అని అమ్ముతున్న పుస్తకం ఒకటి మా దగ్గరికి బాగుచేతకి వచ్చింది. మూడూ అబద్ధమే. కాగితాలు ఊడుతున్నాయేంటని కొన్నవాళ్లు అడిగితే "మీరు గట్టిగా తెరిచారు" అన్నాడట అమ్మినాయన. డబ్బు తిరిగి ఇవ్వలేదు.

వెన్ను మీద కనిపించే గొలుసు కుట్టు ఉత్త అలంకారం. లోపల విడి కాగితాల అంచుకి వేడి జిగురు పూసి అంటించేశారు. బిరుసు కాగితాన్ని పదేపదే తెరుస్తుంటే ఆ జిగురు ఆగదు, ఒక్కో కాగితమే ఊడొస్తుంది. అసలు కుట్టు పుస్తకంలో నాలుగైదు కాగితాలు కలిపి మధ్యకి మడిస్తే ఒక ఫారం. ప్రతి ఫారం నడిమి మడతలో దారం కనపడి తీరాలి. కనపడలేదా, అది కుట్టు కాదు. అట్ట పక్కన బెజ్జాలు పొడిచి కుట్టే జపాన్ పద్ధతిలో దారం మడతలో ఉండదు, అది మోసం కాదు. కానీ ఆ పుస్తకం బల్ల మీద పూర్తిగా పరుచుకోదు కాబట్టి సంతకాలకి పనికిరాదు.

కాగితం 120 జీఎస్‌ఎం అని చెప్పి అమ్మారు. తూకం వేస్తే తేలిపోతుంది. ఏ4 కాగితాలు 16, ఏ5 అయితే 32 కలిపితే ఇంచుమించు ఒక చదరపు మీటరు. వాటి బరువు ఎన్ని గ్రాములో అన్ని జీఎస్‌ఎం. ఈ ఏ5 పుస్తకంలో 32 కాగితాలు 84 గ్రాములే తూగాయి. వానాకాలపు చెమ్మకి కాగితం కాస్త ఎక్కువే తూగాలి గానీ తగ్గదు.

అంచులు చింపినంత మాత్రాన చేతి కాగితం అయిపోదు. ఒక కాగితాన్ని నిలువుగా, తర్వాత అడ్డంగా వంచండి. ఒకవైపు తేలిగ్గా వంగి రెండోవైపు మొండికేస్తే మిల్లు కాగితమే, ఎందుకంటే అందులో పీచు ఒకే దిక్కుకి పడుకుని ఉంటుంది. మిల్లు కాగితమైనా పర్వాలేదు, ఆ పీచు వెన్ను వెంబడి నిలువుగా ఉంటే చాలు. తడి తగిలితే పీచు పొడవుకి సాగదు, అడ్డంగా ఉబ్బుతుంది. ఇందులో పీచు వెన్నుకి అడ్డంగా ఉంది. ఉబ్బిన కాగితాన్ని వెన్ను దగ్గర జిగురు బిగబట్టింది, దాంతో లోపలంతా అలలు తేలింది. కోనసీమ గాలికి ఇది తప్పదు.

అట్ట మీద పల్చటి ఉప్పాడ బట్టని వెనక కాగితం అంటించకుండా నేరుగా అతికారు. జిగురు పైకి ఊరి మరకలు కట్టింది. నేత కష్టమంతా పాడైంది, చూస్తే బాధేస్తుంది.

చేతిరాత అని చెప్పిన పేర్ల సంగతి: ఒకే అక్షరం రెండుచోట్ల వెతకండి. చేత్తో రాస్తే రెండు తలకట్లు అచ్చంగా ఒకేలా రావు. ఇందులో వచ్చాయి, అంటే అచ్చే.

ఇప్పటికే కొన్నవాళ్లు ఊడిన కాగితాలకి సెల్లో టేపు అంటించకండి, దాని జిగురు పసుపెక్కి కాగితంలోకి దిగుతుంది. మంచి బైండరు చేత పక్క కుట్టు వేయించండి. పుస్తకం పూర్తిగా పరుచుకోదు, లోపలి అంచున ఒక సెంటీమీటరు పోతుంది, కానీ పెట్టిన సంతకాలు మిగులుతాయి.