పువ్వుల కుర్తీ: ఆన్‌లైన్ ఆఫర్ మేలా, చిక్‌పేట గుడ్డ మేలా?

బెంగళూరు మారతహళ్లిలో ఉండే మా చెల్లి పోయిన వారం రాత్రి పదకొండింటికి ఒక కుర్తీ ఫొటో పంపింది. తెలుపు మీద పెద్ద పెద్ద గులాబీలు. ధర 449, పక్కనే కొట్టేసిన 1,999. "అక్కా, ఆఫర్ ఇంకో గంటే ఉంది. తీసేసుకోనా?" అని కింద మెసేజ్. కొట్టేసిన ధర సంగతి వదిలెయ్, గుడ్డ ఏమని రాశారో చూసి చెప్పు అన్నాను. రేయాన్ అట.

రేయాన్ చెడ్డ గుడ్డేం కాదు. చెక్క గుజ్జు నుంచి తీసే దారం, ఒంటికి మెత్తగా ఉంటుంది, రంగులు బాగా పడతాయి. అయితే తడిస్తే బలం తగ్గుతుంది, ఉతికితే కుంచించుకుపోతుంది. పోయిన ఏడాది నేను కొన్న నీలం పువ్వుల కుర్తీ మూడో ఉతుక్కే రెండంగుళాలు పొట్టిదైపోయింది. చంక దగ్గర కుట్టు కూడా విడింది. టైలర్ దగ్గరికి తీసుకెళ్తే తిరగేసి చూపించాడు: "లోపల మార్జిన్ ఎక్కడుంది మేడమ్? ఏం పట్టుకుని కుట్టను?" నిజమే, కుట్టు అవతల గుడ్డ గోరంత కూడా లేదు. 449 రూపాయల బట్టలో మిగిల్చిన డబ్బు అక్కడిదే.

ఇక ఇదే ధరలో కనిపించే క్రేప్, జార్జెట్ చాలావరకు పాలిస్టరే. తిరగేస్తే తెలుస్తుంది: పైన పువ్వులు నిండుగా ఉంటాయి, లోపలివైపు తెల్లగా వెలవెలబోతుంది. అనుమానం తీరకపోతే లోపలి నుంచి ఒక పోగు లాగి సింక్ దగ్గర వెలిగించి చూడండి. కాటన్, రేయాన్ కాగితంలా కాలి బూడిదవుతాయి. పాలిస్టర్ కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. బెంగళూరు జూలై ముసురులో మాత్రం పాలిస్టరే సుఖం. రాత్రి ఆరేస్తే పొద్దున్నకి సిద్ధం, ఇస్త్రీ అక్కర్లేదు, రంగు వెలవదు. అదే కుర్తీ మే నెలలో నెల్లూరికి వేసుకెళ్లి చూడండి, బస్టాండులో దిగేసరికి వీపుకి అతుక్కుపోయి ఉంటుంది.

బెంగళూరులో బట్టల బజారు చిక్‌పేట లెక్క వేరు. గ్రీన్ లైన్ మెట్రో సరిగ్గా అక్కడే ఆగుతుంది కాబట్టి పార్కింగ్ టెన్షన్ లేదు. నేను కిందటిసారి తీసుకున్న కాటన్ మీటరు 160. పన్నా 44 అంగుళాలు, రెండున్నర మీటర్లు పట్టింది, అంటే 400. కుట్టుకూలి ఇంకో 450. మొత్తం 850, పైగా సగం రోజు పోయింది. ఆన్‌లైన్ ధరకి దాదాపు రెట్టింపు. కాటన్ కూడా ముడుచుకుంటుంది కనుక, కుట్టించే ముందు ఒక రాత్రి నీళ్లలో నానేసి ఆరబెట్టాలి.

అంత ఎందుకంటే, పువ్వు కోసమే. ఫోన్లో పువ్వు అసలు సైజు ఎంతో తెలియదు. తెరమీద రూపాయి బిళ్లంత కనిపించింది చేతికొచ్చేసరికి అరచేతంత ఉంటుంది. కొట్లో అయితే తాను విప్పి భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకోవచ్చు. ఇంకో సంగతి, కొన్ని డిజైన్లలో పువ్వులన్నీ ఒకేవైపు తలెత్తి ఉంటాయి. గుడ్డ కలిసొస్తుందని అడ్డదిడ్డంగా కత్తిరిస్తే ముందుభాగంలో పువ్వులు నిలబడి, వెనకభాగంలో తలకిందులుగా వేలాడతాయి. చవక రెడీమేడ్‌లో ఇది నేను చాలాసార్లు చూశాను. పక్క కుట్టులో గులాబీ సగానికి తెగి, అవతల ఆకు మొదలవడం కూడా. టైలర్‌కి ముందే చెప్పి పావు మీటరు ఎక్కువిస్తే పువ్వు నడిమికి వచ్చేలా చూసుకుంటాడు. నా ఎర్ర మందారాల కుర్తీకి అలాగే చేయించాను. రెండేళ్లయింది, ఇప్పటికీ ఆఫీసులో ఎక్కడ కొన్నావని అడుగుతారు.

మన పెడన అచ్చుల కలంకారీ కావాలనుకుంటే మాత్రం ఫొటో చూసి కొనకండి. కరక్కాయ నీళ్లలో తడిపి చేసే అసలు గుడ్డకీ, మిషన్ మీద అదే డిజైన్ వేసిన దానికీ తేడా చేత్తో పట్టుకుంటేగానీ తెలియదు. చెక్క అచ్చు రెండుసార్లు కలిసేచోట గీత పిసరంత పక్కకి జరిగి ఉంటుంది. నేను వెతికేది దాన్నే.

చిన్న చిన్న పువ్వుల కాటన్ కుర్తీకి మాత్రం నా ఓటు ఆన్‌లైన్‌కే. చిట్టి పువ్వులు కుట్టులో తెగినా కంటికి ఆనదు. కొన్నవాళ్లు తలుపుకి తగిలించి తీసిన ఫొటోలు చూడండి, మోడల్ ఫొటో కంటే అవే నిజం చెబుతాయి. ఎల్, ఎక్స్‌ఎల్ అన్న అక్షరాల్ని నమ్మకుండా, మీకు సరిపోయే పాత కుర్తీని మంచం మీద పరిచి చంక నుంచి చంకకి టేపుతో కొలిచి, వాళ్ల సైజు పట్టికతో పోల్చుకోండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వస్తువు ఏ దేశంలో తయారైందో, రిటర్న్ షరతులేమిటో చూపించాలి. అక్కడ 'ఎక్స్చేంజ్ మాత్రమే' అని ఉంటే, నచ్చలేదంటే డబ్బు వెనక్కి రాదని అర్థం.

మా చెల్లి ఆ గులాబీల కుర్తీ వదిలేసింది. 620కి చిట్టి పువ్వుల కాటన్ ఒకటి ఆర్డర్ పెట్టింది, నిన్ననే వచ్చింది, బాగుంది. గులాబీల మీద మనసు పోలేదు కనుక రెండో శనివారం ఇద్దరం చిక్‌పేట వెళ్తున్నాం. రెండుంపావు మీటర్లు సరిపోదూ అంటోంది. పెద్ద పువ్వు కదా, రెండుంముప్పావు తీసుకుందామని చెప్పాను.