యూట్యూబ్ పార్ట్‌నర్ ప్రోగ్రామ్: బత్తాయి సాగు చానెల్ వైపు నుంచి ఒక సమీక్ష

నల్గొండ జిల్లా బత్తాయి తోటల సాగు మీద తెలుగులో వీడియోలు చేసే ఒక చిన్న చానెల్ నడుపుతున్నాను. ఆ అనుభవంతోనే, చానెళ్లకు ఆదాయంలో వాటా ఇచ్చే యూట్యూబ్ పార్ట్‌నర్ ప్రోగ్రామ్‌ను ఇక్కడ సమీక్షిస్తున్నాను. పైకి ఒకే సేవలా కనిపించినా, ప్రకటనల వాటా, సభ్యత్వాలు, సూపర్ థ్యాంక్స్ (వీడియో నచ్చి ప్రేక్షకుడు ఇచ్చే డబ్బు), షాపింగ్ లింకులు అందులో వేర్వేరు సేవలు. వాటి నీడలోనే కంపెనీల స్పాన్సర్‌షిప్, సొంత సరుకు అమ్మకం అనే మరో రెండు ఆదాయాలు పుడతాయి. వ్యవసాయ చానెల్‌కు వీటన్నిటిలో సులువుగా పెద్ద మొత్తం తెచ్చేది స్పాన్సర్‌షిప్. ప్రేక్షకుడి నమ్మకాన్ని అన్నిటికంటే ముందు తినేసేది కూడా అదే. కాబట్టి ఏ దారిలో ఎంత వస్తుందన్న దానితో పాటు, ఆ డబ్బుకు బదులుగా ఏమి ఇచ్చుకోవలసి వస్తుందో కూడా చూసి మార్కులు వేస్తున్నాను.

చేరడానికి షరతులు స్పష్టంగా ఉన్నాయి. ప్రకటనల వాటా కావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. దానితో పాటు గడచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ గానీ రావాలి. 500 మంది సబ్‌స్క్రైబర్లు, 3,000 గంటల దశలోనే సభ్యత్వాలు, సూపర్ థ్యాంక్స్ తెరుచుకునే మెట్టు ఒకటి 2023లో వచ్చింది. ఒక్క పంట గురించి మాత్రమే మాట్లాడే చానెల్‌కు కోటి షార్ట్స్ వ్యూస్ దాదాపు అసాధ్యం. చెట్టు కాండం నుంచి బంక కారే బంక తెగులుకు బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) ఎలా పూయాలో నిదానంగా చూపించే పొడవైన వీడియోలతో 4,000 గంటలు మాత్రం అందని లక్ష్యం కాదు, ఎందుకంటే తోట ఉన్న రైతు అలాంటి వీడియోను ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూస్తాడు.

పొడవైన వీడియోల మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం చానెల్‌కు దక్కుతుంది. షార్ట్స్‌కు ఆ వాటా 45 శాతమే, అదీ అందరి షార్ట్స్ ఆదాయాన్ని ఒకచోట చేర్చి వ్యూస్ లెక్కన పంచిన తరువాత మన వంతుకు వచ్చే దానిలో. ఈ పంపకం న్యాయమైనదే అనిపిస్తుంది. ఏ ప్రకటన రావాలో మన చేతిలో పెద్దగా ఉండదు కాబట్టి ఎవరికీ మొహమాటపడవలసిన పని కూడా లేదు. ఇబ్బంది కాలంతో వస్తుంది. దసరా, దీపావళి నెలల్లో ప్రకటనల ధరలు పెరిగి, కొత్త సంవత్సరం రాగానే పడిపోతాయి. మన బత్తాయి రైతు మాత్రం డిసెంబరులో నీళ్లు ఆపి చెట్లను బెట్టకు తెచ్చి, ఆ తరువాత పూత కోసం ఎదురుచూస్తూ సరిగ్గా ఆ పడిపోయిన నెలల్లోనే మన వీడియోలు వెతుక్కుంటాడు. అందువల్ల వ్యూస్ ఎక్కువగా ఉన్న నెలలో డబ్బు తక్కువగా కనిపించడం ఈ రంగంలో మామూలే. ఎనిమిది నిమిషాలు దాటిన వీడియోల మధ్యలో ప్రకటనలు పెట్టుకోవచ్చన్న నియమం మరో ప్రలోభం. నాలుగు నిమిషాల విషయాన్ని సాగదీసే అలవాటు చాలా వ్యవసాయ చానెళ్లకు ఇక్కడి నుంచే పట్టుకుంది.

అమెరికాలో ఉన్నవారు చూసినప్పుడు ప్రకటనకు ఇక్కడికంటే ఎక్కువ ధర పలుకుతుంది. డాలస్‌లో ఉద్యోగం చేస్తూ దేవరకొండ దగ్గరి నాన్న తోట గురించి బెంగపడే అబ్బాయి ఒక్కడు చూసిన వీడియో, ఊళ్లో పలువురు చూసిన దానితో సమానమైన డబ్బు తేవచ్చు. ఆ ఆదాయం మీద అక్కడి పన్ను ఉంటుంది. డబ్ల్యూ-8 బెన్ ఫారం నింపి రెండు దేశాల పన్ను ఒప్పందాన్ని చూపించుకుంటే, అమెరికా ప్రేక్షకుల ద్వారా వచ్చిన భాగం మీద మాత్రమే 15 శాతం కోస్తారు. నింపకపోతే ప్రపంచమంతటి నుంచి వచ్చిన మొత్తం మీద 24 శాతం వరకు పోవచ్చు. కొత్తగా చేరేవారు మిగిలిన సెట్టింగులను తరువాత చూసుకున్నా నష్టం లేదు గానీ ఈ ఫారం మాత్రం మొదటి రోజే నింపాలి.

డబ్బు చేతికందే పద్ధతిలో పల్లెవాళ్లకు రెండు చిక్కులు ఉన్నాయి. యూట్యూబ్ ఆదాయం జమయ్యే ఖాతాలో 10 డాలర్లు చేరగానే చిరునామా నిర్ధారణ కోసం పిన్ ఉన్న కాగితం మామూలు తపాలాలో వస్తుంది. ఇంటి నంబరు సరిగా లేని తండాలకు, ఆవాసాలకు అది చేరేలా పోస్ట్‌మ్యాన్‌కు ముందే చెప్పి పెట్టుకోవడం మేలు. రెండోది, చిన్న బ్యాంకు శాఖలకు విదేశీ చెల్లింపులకు కావలసిన స్విఫ్ట్ కోడ్ ఉండకపోవడం. అలాంటప్పుడు అదే బ్యాంకు పెద్ద శాఖ కోడ్ అడిగి తీసుకోవాలి. ఆదాయం 100 డాలర్లు దాటిన నెల తరువాతి నెల 21 నుంచి 26 లోపు చెల్లింపు బయలుదేరుతుంది.

సభ్యత్వాలు, సూపర్ థ్యాంక్స్‌లో 70 శాతం మనకే ఇస్తారు. వాటా బాగుంది, మన ప్రేక్షకులకు మాత్రం అది నప్పదు. సందేహం అడిగితే ఫోన్‌లో ఉచితంగా జవాబు చెప్పడం ఊళ్లో మర్యాదగా భావించేచోట నెలనెలా రుసుము కట్టమని అడగడం కష్టం. వీడియోలోని లింకు ద్వారా ఎవరైనా కొంటే కమీషన్ ఇచ్చే షాపింగ్ అనుబంధ కార్యక్రమం 2024 అక్టోబరులో ఫ్లిప్‌కార్ట్, మింత్రాలతో మన దేశానికి వచ్చింది. స్ప్రేయర్లు, కొమ్మలు కత్తిరించే కత్తెరల వంటి వాటికి అది పనికొస్తుంది గానీ, వస్తువు వాపసు గడువు ముగిసేదాకా కమీషన్ ఖాయం కాదని గుర్తుంచుకోవాలి.

స్పాన్సర్‌షిప్ గురించి కొంచెం ఎక్కువగానే చెప్పాలి. సబ్‌స్క్రైబర్లు కొన్ని వేలు దాటగానే పురుగుమందులు, పోషకాల ద్రావణాలు, డ్రిప్ పరికరాల కంపెనీల ప్రతినిధులు ఫోన్లు చేయడం మొదలవుతుంది. ఒక్క వీడియోకు వాళ్లు ఇవ్వజూపే మొత్తం నెలల తరబడి వచ్చిన ప్రకటనల వాటాను మించవచ్చు. కాయ మీద మంగు (తుప్పు రంగు మచ్చ) పడితే నల్లిని గుర్తించి, లేబుల్ మీద ఆ పంట పేరు ఉన్న మందును, చెప్పిన మోతాదులో కొట్టమనడం సలహా. ఏ మచ్చ కనిపించినా ఫలానా కంపెనీ సీసా కొట్టమనడం అమ్మకం. ఈ రెండింటికీ తేడా రైతుకు ఆ సంవత్సరం తెలియకపోయినా, కోత రోజున వ్యాపారి తరుగు పేరుతో తూకంలో కొంత తీసేసేటప్పుడు తెలుస్తుంది. ఆ తరువాత అతను మన మాట వినడు.

ఇక్కడ యూట్యూబ్ చేసిన ఏర్పాటు అరకొరగానే ఉంది. వీడియో పెట్టేటప్పుడు చెల్లింపు ప్రచారం ఉందని టిక్ పెడితే మొదట్లో 10 సెకన్ల పాటు ఒక చిన్న గమనిక కనిపిస్తుంది. ఫోన్‌ను జేబులో పెట్టుకుని మాటలు మాత్రమే వింటూ పాదులు తవ్వుకునే రైతుకు ఆ గమనిక ఉన్నా లేనట్టే, కాబట్టి నోటితో కూడా చెప్పాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో విడుదల చేసిన మార్గదర్శకాలు కంపెనీతో ఉన్న సంబంధాన్ని ప్రేక్షకుడికి అర్థమయ్యే భాషలో స్పష్టంగా చెప్పాలంటున్నాయి. తప్పుదారి పట్టించే ప్రచారానికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. కంపెనీ డబ్బుకు బదులు వస్తువు ఇచ్చినా పన్ను తప్పదు. ఏడాదిలో వాటి విలువ 20,000 రూపాయలు దాటితే 10 శాతం టీడీఎస్ (ముందుగానే కోసే పన్ను) 2022 జూలై నుంచి అమలులో ఉంది, చూసి తిరిగి ఇచ్చేసే యంత్రానికి మాత్రం అది వర్తించదు. నా మట్టుకు నేను డ్రిప్, యంత్రాల కంపెనీల వరకు ఒప్పుకుంటాను. సీసాల్లో వచ్చే సరుకుకు ఒప్పుకోను.

సొంత సరుకు అమ్మకానికి ఈ ప్రోగ్రామ్ పైసా అడగదు, ప్రత్యేకంగా సాయమూ చేయదు. అయినా నిలబడే ఆదాయం ఇదేనని నా అంచనా. చెట్టు పూత దశ నుంచి వీడియోల్లో చూసిన హైదరాబాదీ కుటుంబం అదే తోట కాయను వాట్సాప్‌లో అడిగి, ఆర్టీసీ కార్గోలో తెప్పించుకుంటే, ఏజెంటు కమీషన్, తరుగు రెండూ తప్పుతాయి. అంటు మొక్కలు అమ్మాలనుకునేవారు మాత్రం ముందుగా ఉద్యాన శాఖ నుంచి నర్సరీ లైసెన్సు తీసుకోవాలి. రంగపూర్ నిమ్మ వేరుమొక్క మీద కట్టిన సాత్‌గుడి రకం బత్తాయి అంటు అని చెప్పి వేరే మొక్క ఇస్తే ఆ మోసం బయటపడేసరికి రైతుకు నాలుగైదేళ్లు పోతాయి.

ప్రకటనల వాటాకు అయిదుకు నాలుగు, చెల్లింపు ఏర్పాట్లకు మూడు, షాపింగ్ లింకులకు మూడు, సభ్యత్వాలకు రెండు, స్పాన్సర్‌షిప్ వెల్లడి ఏర్పాటుకు రెండు మార్కులు ఇస్తున్నాను. మహబూబ్‌నగర్ వైపు వేరుశనగ మీద, నారాయణపేట, గద్వాల చీరల మీద చానెల్ పెట్టాలనుకునేవారికి కూడా లెక్క ఇంచుమించు ఇలాగే ఉంటుంది. అయితే చీరల చానెల్‌కు షాపింగ్ లింకుల మార్కు కొంచెం పెంచుకోవచ్చు. అన్ని దారులూ కలిపి ఏడాదికి 20 లక్షల రూపాయలు దాటేలా ఉంటే జీఎస్టీ నమోదు విషయం ఆడిటర్‌తో ముందుగానే మాట్లాడుకోవాలి.