ఎండీఎంఏనా, మాత్రా, మాటా: మనసు గాయానికి ఏది మేలు?

అమలాపురంలో కౌన్సెలింగ్ చేస్తున్నదాన్ని కాబట్టి ఈ ప్రశ్న నాకు నెలకి రెండు మూడుసార్లయినా ఎదురవుతోంది. “మేడంగారండీ, ఫారిన్‌లో అదేదో మత్తుమందిచ్చి పాత భయాలు పోగొడుతున్నారంట కదా, మా వాడికి ఇప్పించలేమాండీ?” అడిగేది కుర్రాళ్ళు కాదు, వాళ్ళ అమ్మానాన్నలు. వాళ్ళడిగే మందు ఎండీఎంఏ, ఎక్‌స్టసీ పేరుతో బయట అమ్మే మత్తుమందు. ఆ పాత భయాల జబ్బు పేరు పీటీఎస్‌డీ, ఘోరమేదో జరిగాక ఆ భయం ఏళ్ళ తరబడి మనసుని వదలకపోవడం. ఇక నేరుగా బేరీజులోకి వెళ్తాను.

ముందు ఎండీఎంఏ గొప్పేదో ఒప్పేసుకుంటాను. 2021లో వచ్చిన మూడో దశ ప్రయోగంలో, అంటే అనుమతి అడగడానికి ముందు మనుషుల మీద చేసే పెద్ద పరీక్షలో, 90 మంది ఉన్నారు. థెరపీతో పాటు ఈ మందు పడ్డవాళ్ళలో 67 శాతం మందికి, చివరికొచ్చేసరికి పీటీఎస్‌డీ ఉందని చెప్పడానికి లేకపోయింది. అదే థెరపీతో ఉత్తుత్తి బిళ్ళ మింగినవాళ్ళలో అది 32 శాతం. 2023లో 104 మందితో చేసినదాంట్లో 71, 48. అందరూ 71 దగ్గరే ఆగిపోతారు. నా కన్ను మాత్రం ఆ 48 మీద పడింది. వట్టి బిళ్ళ, ఇద్దరు మనుషులు, గంటల కొద్దీ మాట. దాంతోనే దాదాపు సగం మంది గట్టెక్కారు.

మందు చేసే పని మన కాలవల భాషలో చెప్తాను. పీటీఎస్‌డీకి డాక్టర్లు మామూలుగా రాసే సెర్ట్రలీన్ లాంటి మాత్ర, చేలోంచి నీరు జారిపోకుండా గండికి మట్టి వేసినట్టు, మెదడులో ఉన్న సెరటోనిన్ అనే రసాయనాన్ని కాస్త నిలబెడుతుంది. ఎండీఎంఏ అలా కాదు, లాకు తలుపులు ఒక్కసారి ఎత్తేస్తుంది. సెరటోనిన్ పొంగుతుంది, మనుషుల్ని దగ్గర చేసే ఆక్సిటోసిన్ అనే హార్మోను పెరుగుతుంది, మెదడులో భయాన్ని చూసుకునే అమిగ్డలా కాస్త మెత్తబడుతుంది. ఎదుటి మనిషి మీద నమ్మకం, తన మీద తనకి జాలి కలుగుతాయి. ఆ కాసేపట్లో పాత సంగతిని బెదరకుండా తిరగేసి చూడొచ్చు. తలుపులెత్తాక కాలవ ఎండుతుంది కదా, తర్వాత ఒకట్రెండు రోజులు కొందరికి మనసు దిగాలుగా ఉంటుంది. పైగా రెండూ కలిపి వాడితే ఎండీఎంఏ పస తగ్గిపోతుంది. అది నరకణంలోకి దూరే దారినే సెర్ట్రలీన్ మూసేస్తుంది కనక.

2019లో మెదడు శాస్త్రవేత్త గుల్ డోలెన్ బృందం ఎలుకల మీద చూసిన సంగతొకటి నన్ను వదల్లేదు. తోటివాళ్ళ సావాసంలో ఉండే హాయిని కొత్తగా నేర్చుకునే చిన్ననాటి గడువు ఈ మందుతో మళ్ళీ తెరుచుకుంది. అయితే మిగతా ఎలుకలతో కలిసి ఉన్నప్పుడు ఇస్తేనే. ఒంటరిగా ఉంచి ఇస్తే తెరుచుకోలేదు.

నా లెక్కలో తేల్చేది అదే: గదిలో పక్కన ఎవరున్నారు? ఎండీఎంఏ పనిచేస్తున్నప్పుడు ఎదుటి మొహంలో కోపాన్నీ భయాన్నీ గుర్తుపట్టడం మందగిస్తుంది. నమ్మకం పెరుగుతుంది, కాపలా తగ్గుతుంది. కూర్చున్నవాళ్ళు మంచివాళ్ళయితే అది వరం. కెనడాలో రెండో దశ ప్రయోగంలో థెరపిస్టు రోగితో హద్దు మీరాడు. ఆ సంగతి తర్వాత పరిశోధన పత్రాల ఉపసంహరణ దాకా వెళ్ళింది. 2024 ఆగస్టులో, అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ దీనికి అనుమతి నిరాకరించింది. అంతకుముందు దాని సలహా సంఘం 10-1తో, లాభం కంటే ముప్పే ఎక్కువన్నట్టు ఓటేసింది. ప్రయోగంలో తాము మింగింది మందో ఉత్తుత్తి బిళ్ళో వాళ్ళకే తెలిసిపోవడం ఇంకో చిక్కు. ఆస్ట్రేలియాలో మాత్రం 2023 జులై నుంచి, అనుమతి ఉన్న సైకియాట్రిస్టులు ఈ మందు రాయొచ్చు.

ఒక్కో మోతాదుకి ఎనిమిది గంటలు, ఇద్దరు శిక్షణ పొందిన మనుషులు. మన జిల్లాలో ఎక్కణ్ణుంచి తెస్తాం? చట్టం సంగతి సరేసరి, 10 గ్రాములు దాటి దొరికితే అది వాణిజ్య పరిమాణం, పదేళ్ళకి తగ్గని జైలు. బయట కొన్న పొడిలో ఏముందో అమ్మినవాడికే తెలీదు. అది ఒంటి వేడినీ పెంచుతుంది, మే నెలలో మన ఉక్కపోత చెప్పనక్కర్లేదు.

సెర్ట్రలీన్ చవక, ఏ ఊరి మందుల షాపులోనైనా చీటీ మీద దొరుకుతుంది. పనిచేయడానికి నాలుగైదు వారాలు పడుతుంది. రొయ్యల చెరువు వదిలి వారం వారం రాలేనివాళ్ళని నేనే డాక్టరు దగ్గరికి పంపుతాను. కాస్త తేలికపడగానే చెప్పకుండా మానేస్తారు, అదొక్కటే నా ఫిర్యాదు. పాత సంగతి తలుచుకుంటూ కళ్ళు అటూ ఇటూ కదిలించే ఈఎండీఆర్ అనే థెరపీ కూడా మంచిదే, నేను నేర్చుకోలేదు.

నా చేతిలో ఉన్నది మాటే. 1996 నవంబరు తుపానులో తమ్ముడి చెయ్యి జారవిడిచిన ఒకాయన వస్తుండేవాడు. ఆయన్నడిగి, ఆనవాళ్ళు మార్చి రాస్తున్నాను. గాలి లేస్తే చాలు, పెంకుటిల్లు వదిలి బడి వరండాలో తెల్లార్లూ నిలబడేవాడు. జరిగింది కళ్ళు మూసుకుని, వర్తమానంలో, మొదట్నుంచీ చెప్పించాను. ఫోన్‌లో రికార్డు చేసి ఇంటికిచ్చి రోజూ వినమన్నాను. మొదటి వారం వినలేదు, విన్నానని అబద్ధం చెప్పాడు. నాలుగో వారం, భార్యని పక్కన కూర్చోబెట్టుకుని విన్నాడు. పదకొండుసార్లు వచ్చాడు, ఒక్కోసారి గంటన్నర.

మొన్న వాయుగుండం పట్టినప్పుడు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాడు. వెనక రేకులు టపటపలాడుతున్నాయి. “ఎక్కడున్నారండీ?” అన్నాను.

“ఆయ్, ఇంట్లోనేనండి. తలుపేసుకుని.”