గోధుమ మానేసినవారికి ప్రోబయోటిక్స్: దీర్ఘకాలం వాడిన తరువాత నా సమీక్ష

సీలియాక్ వ్యాధి (గోధుమ వంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు వల్ల చిన్నపేగు లోపలి పొర దెబ్బతినే జబ్బు) ఉందని తేలి, గోధుమ, బార్లీ, రై అనే ధాన్యం పూర్తిగా మానేసిన తరువాత కూడా కడుపు ఉబ్బరం, నీళ్ల విరేచనాలు ఓ పట్టాన వదలనివారు సహజంగానే ప్రోబయోటిక్స్ వైపు, అంటే పేగుకు మేలు చేస్తాయని చెప్పే బతికున్న సూక్ష్మజీవుల మందుల వైపు, చూస్తారు. నేనూ అలాగే చూశాను. పర్లాకిమిడిలో మందుల షాపుల్లో దొరికినవీ, బరంపురం నుంచి తెప్పించుకున్నవీ కొన్నేళ్లపాటు మార్చి మార్చి వాడాను. డబ్బా మీద ఎన్ని వందల కోట్ల సూక్ష్మజీవులు ఉన్నాయని రాశారో చూసే ముందు, వాటితో పాటు ఇంకేం కలిపారో చదవాలన్నది ఇన్నాళ్ల వాడకం తరువాత నాకు కుదిరిన అభిప్రాయం.

అయితే మందు కొనే ముందు వంటింటినీ పిండి మరనీ ఒకసారి చూసుకోవాలి. మన ప్రాంతంలో అన్నం, చోడి (రాగి) అంబలి తినేవారికి గ్లూటెన్ మానడం సులువే అనిపిస్తుంది. కానీ వీధి మరలో ముందు గోధుమలు పోసి, ఆ వెంటనే మన చోళ్ళు పోస్తే, గొట్టం లోపలా గుడ్డ సంచి మడతల్లోనూ పట్టి ఉన్న తెల్లని పిండి మన నల్లని పిండిలోకి దిగడం కళ్లారా కనిపిస్తుంది. చోళ్ళు కడిగి ఎండబెట్టి ఇంట్లోనే మిక్సీలో ఆడించుకోవడం మొదలుపెట్టాక నాకు వచ్చిన తేడా, ఆ తరువాత కొన్న ఏ క్యాప్సూల్‌తోనూ రాలేదు. పొడి ఇంగువ సంగతి కూడా ఇంతే. చాలా డబ్బాల వెనుక ఇంగువ కన్నా ముందు గోధుమ పిండి లేదా మైదా పేరు ఉంటుంది. పులిహోరలోనూ చారులోనూ రోజూ చిటికెడు చిటికెడుగా అదే కడుపులోకి పోతూ ఉంటే పేగు లోపలి పొర నయం కావడానికి అవకాశమే ఉండదు. బియ్యప్పిండితో కలిపిన ఇంగువ కూడా దొరుకుతుంది, కాస్త వెతుక్కోవాలి.

ప్రోబయోటిక్స్‌లో కూడా గ్లూటెన్ ఉండవచ్చన్నది చాలామందికి తట్టని విషయం. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ వైద్యులు 2015లో అక్కడ బాగా అమ్ముడుపోయే 22 ప్రోబయోటిక్స్‌ను పరీక్షిస్తే 12 రకాల్లో గ్లూటెన్ ఆనవాళ్లు కనిపించాయి. వాటిలో ఎక్కువ భాగం కిలోకు 20 మిల్లీగ్రాముల లోపే ఉన్నాయి. ఆహార పదార్థాన్ని గ్లూటెన్ లేనిదని చెప్పడానికి మన దేశపు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు కూడా అదే. కాబట్టి బెదిరిపోనక్కరలేదు గాని, 'గ్లూటెన్ ఫ్రీ' అన్న ముద్ర ఉందో లేదో చూసుకోవాలి. మన మందుల అట్టల మీద వచ్చే చిక్కు వేరు. సూక్ష్మజీవి పేరు, మోతాదు రాసి, మిగతాదంతా 'ఎక్సిపియెంట్స్' అన్న ఒక్క మాటలో ముగిస్తారు. అది మొక్కజొన్న పిండో, గోధుమ పిండో మనకు తెలిసే దారి లేదు. అలాంటప్పుడు అట్ట మీది నంబరుకు ఫోన్ చేసి అడిగేవాణ్ణి. కొందరు మొక్కజొన్న పిండేనని రాతపూర్వకంగా జవాబు పంపారు. ఒక కంపెనీ ఎన్నిసార్లు అడిగినా పలకలేదు, ఆ సరుకు నేను మళ్లీ కొనలేదు.

నాకు బొత్తిగా సరిపడనిది ఎనిమిదో తొమ్మిదో రకాల సూక్ష్మజీవులను ఒకే క్యాప్సూల్‌లో కలిపి, వాటికి మేతగా ఫ్రక్టో ఆలిగో శాకరైడ్ అనే చక్కెర చేర్చి అమ్మే రకం. అట్ట మీద దీన్ని ఎఫ్.ఓ.ఎస్. అని పొట్టిగా వేస్తారు. చిన్నపేగులో అరగని ఈ చక్కెర పెద్దపేగుకు చేరి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులిసి వాయువు పుట్టిస్తుంది. గోధుమలో ఉండే ఫ్రక్టాన్ అనే పదార్థం కూడా ఈ కుటుంబానికి చెందినదే. గోధుమ మానినందుకు తగ్గిన ఉబ్బరాన్ని డబ్బులిచ్చి క్యాప్సూల్ రూపంలో తిరిగి తెచ్చుకోవడం అంటే ఇదే. ఆ సీసా వాడినన్నాళ్లూ సాయంత్రమయ్యేసరికి పొట్ట డప్పులా బిగిసేది, ఆపేశాక వారం తిరక్కుండానే సర్దుకుంది. అరుగుదల బాగున్నవారికి ఇదే సరుకు హాయిగా పడవచ్చు. నాలాంటివారు మాత్రం ఎఫ్.ఓ.ఎస్., అదే కుటుంబానికి చెందిన ఇనులిన్ అన్న పేర్లు కనిపిస్తే పక్కన పెట్టడం మేలు.

దీనికి భిన్నంగా, పని తెలిసి వాడితే మేలు చేసినది శాకరోమైసిస్ బౌలార్డి. ఇది బాక్టీరియా కాదు, ఒక జాతి ఈస్ట్. ఫ్రెంచ్ శాస్త్రవేత్త హెన్రీ బౌలార్డ్ 1920లలో ఇండోచైనాలో లిచీ, మాంగోస్టీన్ పండ్ల నుంచి దీన్ని వేరుచేశాడు. ఈస్ట్ కాబట్టి బాక్టీరియాను చంపే యాంటీబయోటిక్ దీన్ని ఏమీ చేయదు. పంటి చీముకు యాంటీబయోటిక్ వేసుకోవలసి వచ్చినప్పుడు, అంతకు ముందు ప్రతిసారీ పట్టుకునే విరేచనాలు దీన్ని తోడుగా వాడినప్పుడు రాలేదు. కోర్సు అయిపోయాక మరికొన్నాళ్లు వాడి ఆపేశాను. రోజువారీ ఉబ్బరానికి మాత్రం దీనివల్ల ప్రత్యేకమైన తేడా నాకు కనిపించలేదు.

బాసిల్లస్ క్లాసీ అనే రకం చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో నీళ్లలా వస్తుంది. ఐదు మిల్లీలీటర్లలో రెండు వందల కోట్ల బీజాలు (గట్టి పొరలో నిద్రాణంగా ఉండే బాక్టీరియా రూపాలు) ఉంటాయి, రుచి ఏమీ ఉండదు, పిండి పదార్థం కలిపే అవసరం రాదు. బీజరూపంలో ఉంటుంది కాబట్టి వేడికి తట్టుకుంటుంది. వేసవిలో గంటల తరబడి కరెంటు పోయే మన ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ అలా కాదు. 1980లలో గోర్బాక్, గోల్డిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వేరుచేయగా వారి ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో పేరు పడిన ఈ రకం మీద పరిశోధన చాలా ఉంది, నాకూ విరేచనం కాస్త గట్టిపడినట్టు అనిపించింది, కానీ ఎండలకు దాని శక్తి తగ్గిపోతుంది. "ఫ్రిజ్‌లో పెట్టక్కర్లేదు మాస్టారూ, బయటే ఉంటుంది" అని షాపు కుర్రవాడు చెప్పినా, అట్ట మీద 25 డిగ్రీల లోపు అని రాసి ఉంటే మే నెలలో మన ఊరి షాపు అరల్లో అది నిలుస్తుందని నేను నమ్మను. ఏసీ ఉన్న షాపులో, గడువు దూరంగా ఉన్న అట్ట చూసి తీసుకుంటాను.

ఇంట్లో పులియబెట్టిన తిండిని ప్రోబయోటిక్‌తో సమానమని అనలేం. దానిలో ఏ జాతి ఎంత ఉందో ఎవరూ కొలవరు. అయినా గోధుమ మానిన కొత్తలో పాలు సరిపడకపోవడం మామూలే, ఎందుకంటే పాలచక్కెరను అరిగించే ఎంజైమ్ దెబ్బతిన్న పేగుపొర మీదే తయారవుతుంది. అప్పట్లో పాలు మానేసినా బాగా తోడుకున్న పెరుగు నాకు పడింది. పెరుగులోని సూక్ష్మజీవులే ఆ చక్కెరలో కొంత అరిగించి పెడతాయి. రాత్రి పులియబెట్టిన చోడి అంబలి, ఎండాకాలంలో తరవాణి (పులిసిన అన్నం నీళ్లు) నాకు అలవాటయ్యాయి. పక్కింటి ఒడియా వదినగారు పఖాళ (నీళ్లలో నానిన చద్దన్నం) పెట్టినప్పుడు నిశ్చింతగా తింటాను గాని, నంజుకోవడానికి ఇచ్చే వడియాలు అంటుకోను, వాటిలో ఏ ఇంగువ పడిందో ఆమెకూ తెలియదు.

సీలియాక్ రోగులు ప్రోబయోటిక్స్ వాడాలని గాని, వద్దని గాని చెప్పడానికి చాలినంత ఆధారం లేదని అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చెప్పింది. నా అనుభవం కూడా అంతకు మించి చెప్పనివ్వదు. లక్షణాలు తగ్గకపోతే ముందు సీలియాక్ వ్యాధిని పట్టుకునే టీటీజీ రక్తపరీక్ష మళ్లీ చేయించుకుని, తిండిలో గ్లూటెన్ ఎక్కడైనా దాగి ఉందేమో డాక్టరుతో కలిసి వెతకడం మంచిది. గోధుమ ఇంకా మానకుండా, పరీక్షలు చేయించుకోకుండా ఉన్నవారు పరీక్ష అయ్యే వరకు మానకూడదు, మానితే ఫలితం తప్పుగా రావచ్చు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు, కీమోథెరపీ తీసుకుంటున్నవారు, మెడనరంలో గొట్టం పెట్టించుకున్నవారు డాక్టరు చెప్పనిదే వీటిలో దేన్నీ ముట్టుకోకూడదు, ముఖ్యంగా బౌలార్డి జోలికి వెళ్లకూడదు. ఆరోగ్యంగా ఉన్నవారు ప్రయత్నించదలిస్తే ఒకేసారి ఒక్క రకమే మొదలుపెట్టి, నెలలోపు తేడా కనిపించకపోతే ఆపేయవచ్చు. నేను ఇప్పుడు రోజూ ఏ క్యాప్సూలూ వేసుకోవడం లేదు. యాంటీబయోటిక్ రాసినప్పుడు మాత్రం బౌలార్డి పది క్యాప్సూళ్ల అట్ట ఒకటి కొంటాను. పెద్ద సీసా చవకే గాని, సగం అయ్యేసరికే గడువు దాటిపోతుంది.