డ్రేస్, డెన్ ఔల్: ఒకే పార్టీ, రెండు పాలనలు

యుద్ధానంతర నెదర్లాండ్స్‌ను పాలించిన లేబర్ పార్టీ ప్రధానుల్లో విల్లెం డ్రేస్, యోప్ డెన్ ఔల్ ఇద్దరూ సామాజిక న్యాయాన్నే లక్ష్యంగా పెట్టుకున్నా, దాన్ని సాధించే తీరులో పూర్తిగా వేరు. 1886లో పుట్టి, శీఘ్రలిపి లేఖకుడిగా పనిచేసి, నాజీల బుకెన్‌వాల్డ్ శిబిరంలో నిర్బంధాన్ని అనుభవించిన డ్రేస్, 1948 నుంచి 1958 వరకు క్యాథలిక్ పార్టీతో ఓపికగా సర్దుకుంటూ ప్రభుత్వాలు నడిపారు. 1947లో మంత్రిగా ఆయన తెచ్చిన అత్యవసర వృద్ధాప్య సహాయ చట్టం, 1957లో అమలైన సార్వత్రిక పింఛనుకు దారి వేసింది.

ఆర్థికశాస్త్రం చదివిన డెన్ ఔల్‌ది వాదనాబలం. 1973లో ప్రధాని అయిన కొద్ది నెలలకే చమురు సంక్షోభం ముంచుకొచ్చి, ఆదివారాలు కార్లు తిప్పరాదన్న నిషేధం విధించాల్సి వచ్చింది. ఆదాయం, అధికారం, జ్ఞానం అందరికీ పంచాలన్న ఆయన ఆశయం విశాలమైనదే; కానీ 1977 ఎన్నికల్లో పార్టీ 150కి 53 స్థానాలు గెలిచినా, నెలల తరబడి సాగిన సంకీర్ణ చర్చలు విఫలమై ప్రధాని పదవి క్రైస్తవ డెమోక్రాట్ల నేత వాన్ అగ్ట్‌కు దక్కింది.

నెదర్లాండ్స్ వలస పాలనలో ఉన్న దేశాల విషయంలో మాత్రం నా మొగ్గు డెన్ ఔల్ వైపే. 1975లో దక్షిణ అమెరికాలోని సురినామ్‌కు స్వాతంత్ర్యం చర్చల ద్వారా వచ్చింది; డ్రేస్ హయాంలో ఇండోనేషియాపై 1948 డిసెంబరులో సైనిక దాడి జరిగాకే, 1949లో సార్వభౌమాధికారం బదిలీ అయింది. సంక్షేమ నిర్మాణంలో డ్రేస్‌దే మన్నికైన పని, ఎందుకంటే ప్రత్యర్థులు సైతం ఆ పింఛనును కొనసాగించారు.