‘హేస్ట్’ అన్న మాట దగ్గర ఒక నిఘంటువు యాప్ పనితీరు

ఇంగ్లీషు నేర్చుకునేవారికి ఉచితంగా దొరికే ఒక ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు యాప్‌ను కొంతకాలంగా వాడుతున్నాను. నిఘంటువు విలువను దానిలోని పదాల సంఖ్యను బట్టి కాక, ఒక చిన్న మాటను అది ఎంత విప్పి చెప్పిందన్నదాన్ని బట్టి తూచాలని నా అభిప్రాయం. అందుకు తొందర అన్న అర్థమున్న ‘హేస్ట్’ (haste)ను ఎంచుకున్నాను, అర్థం తెలిసినట్టే ఉండి, వాక్యంలో పెట్టబోయేసరికి తడబాటు కలిగించే మాట ఇది.

ముందుగా మెచ్చుకోవలసింది ఉచ్చారణ. స్పీకర్ గుర్తును తాకితే మాట స్పష్టంగా వినిపించడమే కాక, దీని క్రియారూపమైన ‘హేసన్’ (hasten)లో రాతలో ఉన్న ‘టి’ పలకదని, ‘లిసన్’ వంటి మాటలను పక్కన పెట్టి మరీ చూపించారు. రాతను చూసి ‘హేస్టెన్’ అని చదివేవారు ఎందరో ఉన్నారు కనుక ఇది ఎంతో ఉపయోగపడే వివరం. పదచరిత్ర కూడా బాగుంది. పాత ఫ్రెంచి నుంచి వచ్చిన ఈ మాట, 16వ శతాబ్దంలో ఉత్తరాల మీద తపాలా రౌతును త్వరపెట్టడానికి ‘హేస్ట్, పోస్ట్, హేస్ట్’ అని రాసే అలవాటు వల్ల ‘అతి త్వరగా’ అనే అర్థమున్న ‘పోస్ట్‌హేస్ట్’ అన్న మాటకు దారితీసిన వైనం చదవడానికి ముచ్చటగా ఉంది.

అర్థాల విషయంలో మాత్రం ఈ శ్రద్ధ కనిపించదు. ‘తొందర, త్వర, వేగం, ఆత్రం, తొందరపాటు’ అని వరుసగా పేర్చి వదిలేశారు. వీటిలో ‘వేగం’ చేరకుండా ఉండవలసింది; రైలు ఎంత వేగంగా పోయినా దానికి తొందర ఉందని అనం కదా. సమయం మించిపోతోందన్న ఒత్తిడి, చాలా సందర్భాల్లో ఆలోచన చాలలేదన్న ఆక్షేపణ ఈ మాటలో ఉంటాయి. విశేషణమైన ‘హేస్టీ’లో ఆ ఆక్షేపణ మరింత బలపడుతుంది కాబట్టి, ‘హేస్టీ డెసిషన్’ను ‘శీఘ్ర నిర్ణయం’ అని అనువదించడం సరికాదు. అది తొందరపడి తీసుకున్న నిర్ణయం.

అన్నిటికంటే పెద్ద లోటు ప్రయోగానికి సంబంధించినది. ‘హర్రీ’ని పర్యాయపదంగా ఇచ్చారే తప్ప రెండింటికీ ఉన్న తేడాను ఎక్కడా చెప్పలేదు. మాటల్లో ‘ఐయామ్ ఇన్ ఎ హర్రీ’ అంటారు; ‘హేస్ట్’ ఒకటి, రెండు అని లెక్కపెట్టలేని (అన్‌కౌంటబుల్) నామవాచకం కనుక దాని ముందు ‘ఎ’ రాదు. ‘ద లెటర్ వజ్ రిటన్ ఇన్ హేస్ట్’ అన్నట్టు, ఎక్కువగా రాతలో, పని జరిగిన తీరు చెప్పడానికి దాన్ని వాడతారు. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి ఉంటే, ‘ఇన్ ఎ హేస్ట్’ అని రాసే విద్యార్థి అక్కడికక్కడే సరిదిద్దుకునేవాడు.

ఉదాహరణల అనువాదం కూడా తెలుగు నుడికారానికి దూరంగా ఉంది. ‘మేక్ హేస్ట్’కు ‘తొందర చేయండి’ అని ఇచ్చారు; అది ఎదుటివారిని తొందరపెట్టమన్నట్టు ధ్వనిస్తుంది కాబట్టి ‘త్వరపడండి’ అనాలి. ‘హేస్ట్ మేక్స్ వేస్ట్’కు ‘నిదానమే ప్రధానం’ అన్న సామెత చేతికి అందేంత దగ్గరలో ఉండగా, ‘తొందర వ్యర్థాన్ని చేస్తుంది’ అని రాయడం నాకు నిజంగా బాధ కలిగించింది. ‘మోర్ హేస్ట్, లెస్ స్పీడ్’ (తొందర ఎక్కువైతే పని సాగేది తక్కువ) అన్న సామెతలోని ‘స్పీడ్’కు కార్యసాఫల్యమన్న పాత అర్థం ఉందని చెప్పకపోవడంతో ఆ సామెత పొంతన లేనట్టుగా మిగిలిపోయింది.

ఉచ్చారణకూ పదచరిత్రకూ ఈ యాప్‌ను సంతోషంగా సిఫారసు చేస్తాను. సొంతంగా వాక్యం రాయదలచినవారు మాత్రం ఇంగ్లీషులోనే వివరణలిచ్చే లెర్నర్స్ డిక్షనరీని కూడా దగ్గర ఉంచుకోవాలి.